టెంకల బస్తా వెంట తిరువూరు దాకా

తిరువూరు చూడ్డానికి ఎవరూ వెళ్లరు. చుట్టాలుంటే వెళ్తారు, పొలాలుంటే వెళ్తారు, భద్రాచలం పోతూ బస్సు ఆగితే దిగి టీ తాగుతారు. నాకు అక్కడ చుట్టాలు లేరు, సెంటు భూమి లేదు. నేను వెళ్లింది మామిడి టెంకల గురించి పోట్లాడటానికి. నవ్వకండి. నలభై ఒక్క ఏళ్ల వయసులో, జూన్ ఎండలో, హైదరాబాదు నుంచి పనిగట్టుకుని మరీ వెళ్లాను.

ముందు నా పని ఏంటో చెప్పాలి, లేకపోతే ఈ పోట్లాట అర్థం కాదు. ముప్పై ఐదేళ్లొచ్చాక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఉద్యోగం మానేసి పీహెచ్‌డీలో చేరాను. ల్యాబులో పిల్లలు ఎదురుగా అక్కా అంటారు, వెనకాల ముసలి స్కాలర్ అంటారు. రెండూ వినపడతాయి. ఘనపదార్థాల ఒంటి మీద ఏముందో కొలవడం నా పని. లోపలిది కాదు, పైపైది. మామిడి టెంకని పొడి చేసి, పెన్సిలంత గాజు గొట్టంలో కూరతాను. అందులోంచి రకరకాల ఆవిర్లు ఒక్కొక్కటే పంపిస్తాను. ఏ ఆవిరి ఆ పొడిని అంటిపెట్టుకుని ఎంతసేపు ఆగి బయటికొస్తుందో మిషను రాస్తుంది. ఆమ్లపు ఆవిరి ఎక్కువసేపు ఆగితే పొడిది క్షార గుణం. క్షారపు ఆవిరి ఆగితే పొడిది ఆమ్ల గుణం. ఒక్కో గొట్టానికి రెండు రోజులు పడుతుంది, ఆ రెండు రోజులూ మిషను దగ్గర ఎవరో ఒకరు కాపలా ఉండాలి. ఎవరో ఒకరు అంటే నేనే. ఇంటికెళ్లి చేసే పనేముంది కనక, అని వాళ్లూ అనుకుంటారు, నేనూ అనుకుంటాను.

రంపపు పొట్టు, పీచు, ఊక, చెట్టు నుంచి వచ్చినవి చాలా మటుకు ఆమ్ల గుణమే చూపిస్తాయి. నా టెంక పొడి మాత్రం మూడేళ్లుగా క్షారం చూపించింది. అలాంటి పొడి పీవీసీ ప్లాస్టిక్‌లో మందులేవీ కలపకుండానే గట్టిగా పట్టుకుంటుంది. పారేసే టెంకలతో పైపులు చేయొచ్చన్నమాట. నా థీసిస్ మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడింది. గడువు రెండుసార్లు పొడిగించారు, ఇంక జులై ఆఖరే ఆఖరు. ఈ ఏడాది టెంకలతో కూడా ఒకసారి సరిచూసి పెట్టెయ్యమ్మా అన్నారు మా గైడు గారు. సరిచూస్తే ఆమ్లం వచ్చింది! గొట్టం మార్చాను, గ్యాసు మార్చాను, మూడుసార్లు చేశాను. మళ్లీ అదే. ఈసారి తిరువూరు వాళ్లు ఏదో పనికిమాలిన సరుకు అంటగట్టారని నాకు తేలిపోయింది. టెంకలు పంపే యార్డు ఓనరుకి ఫోన్ చేస్తే, "అవే టెంకలండి, తేడా ఏం లేదండి" అన్నాడు. ఉండు, నీ సంగతి వచ్చి చెప్తా అనుకుని టికెట్టు తీసుకున్నాను.

విజయవాడ దాటాక

విజయవాడలో బస్సు మారాను. తిరువూరు బస్సులో ఆడవాళ్లంతా ఆధార్ కార్డు చూపించి ఊరికే వెళ్తున్నారు. నా కార్డు మీద హైదరాబాదు అడ్రసు ఉంది. కండక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి, "మీది మా రాష్ట్రం కాదండి, టికెట్టు తీసుకోవాల్సిందే" అన్నాడు.

"పుట్టింది అనంతపురంలోనయ్యా."

"పుట్టిన ఊరు కార్డు మీద ఉండదు కదండీ మేడం."

బస్సు మొత్తంలో డబ్బులిచ్చి కూర్చున్న ఆడమనిషిని నేనొక్కదాన్నే. అందరూ తలా ఓసారి జాలిగా చూశారు.

నా పక్క సీట్లో ఒక పెద్దావిడ, ఒళ్లో స్టీలు క్యారేజీ. పేరు నాగరత్నం గారు, రిటైరైన టీచరు, విస్సన్నపేటలో చెల్లెలింటికి వెళ్తోంది. కొండపల్లి దాటేలోపు నా పూర్వాపరాలన్నీ రాబట్టేసింది.

"ఒక్కదానివే బయల్దేరావా? మీ ఆయనో?"

"ఉన్నాడండి. నాతో లేడు."

"పిల్లలు?"

"లేరండి."

మా అనంతపురం వైపైతే ఇక్కడ మాట మార్చేస్తారు. ఈవిడ మార్చలేదు. క్యారేజీ మూత తీసి నా చేతిలో రెండు గారెలు పెట్టి, "ముందు తిను, తర్వాత చెబుదువుగాని" అంది. తింటూ చెప్పాను. గొట్టం, పొడి, ఆవిర్లు, అన్నీ చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని తలాడించింది.

"అంటే నీ పొడి మా ఆడపడుచు లాంటిదన్నమాట. కొందర్ని గుమ్మంలోంచే పంపించేస్తుంది, కొందర్ని కూర్చోబెట్టి భోజనం పెట్టి గానీ వదలదు. ఎవర్ని ఎంతసేపు కూర్చోబెట్టిందో చూసి, ఆవిడ ఎలాంటి మనిషో నువ్వు చెప్పేస్తావు."

ఆరేళ్లలో ఎన్ని సెమినార్లు ఇచ్చానో నాకే గుర్తులేదు. ఒక్కదాన్లో కూడా ఇంత బాగా చెప్పలేకపోయాను. అదే మాట ఆవిడతో అన్నాను. "నలభై ఏళ్లు ఐదో తరగతికి చెప్పానమ్మా, ఊరికేనా" అంది.

మైలవరం దాటాక రోడ్డుకి రెండు వైపులా మామిడి తోటలు మొదలయ్యాయి. రెడ్డిగూడెం వైపు చెట్లు చాలా మటుకు ఖాళీ అయిపోయాయి, కాపు ఆఖరుకొచ్చింది. ఆవిడ ఒక్కో తోట చూపించి అది ఎవరిదో, వాళ్ల పిల్లలు ఏం చేస్తున్నారో చెప్తూనే ఉంది. విస్సన్నపేటలో దిగేటప్పుడు "జాగ్రత్తమ్మా" అని నా మోకాలు తట్టి వెళ్లిపోయింది. ఫోన్ నెంబరు అడుగుదామని నోటిదాకా వచ్చింది. బస్సులో గారెలు పెట్టిన మనిషికి ఫోన్ చేసి ఏం మాట్లాడతాం అనిపించి ఊరుకున్నాను.

విస్సన్నపేట

బస్సు అక్కడే మొరాయించింది. టైరు పంచరు. డ్రైవరు టైరు చుట్టూ రెండుసార్లు తిరిగి, "అరగంట పడుద్ది, టీలు తాగి రండి" అన్నాడు. దిగితే ఎదురుగా మామిడిపళ్ల బండి.

మా వైపు బెంగళూరు కాయ అనేదాన్ని ఇక్కడ కలెక్టరు కాయ అంటారు. నా టెంకలన్నీ ఆ కలెక్టరుగారివే. ఆ కాయ ఫ్యాక్టరీలకి పోతుంది, మనుషులు తినేది రసాలు. చిన్నరసాలు డజను నూట ఎనభై చెప్పాడు. ఆరు ఇవ్వమన్నాను.

"ఎంతమందికండి?"

"నాకే."

"ఎండలో వెళ్తున్నారు, రేపటికి మగ్గిపోతయ్యి. ఒక్కరికి ఆరెందుకండి, రెండు చాలు" అని రెండే ఏరి ఇచ్చాడు. మంచికే చెప్పాడు. అయినా కోపం వచ్చింది, అదేదో నేను ఆరు తినగలనని రుజువు చేయాలన్నంత కోపం. అదే ఊపులో "కత్తి ఉందా?" అని అడిగాను.

బండి దగ్గరున్న నలుగురూ నవ్వారు. "రసానికి కత్తేంటండీ! పిసుక్కుని తాగాలి." పండుని రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి, ముచిక తీసి, ఇదిగో ఇలా అని చూపించాడు. నేను పిసికాను. నాకు చేతనైన బలమంతా పెట్టి పిసికాను. పండు నడుముకి పగిలి, రసమంతా మెడ నుంచి పొట్ట దాకా కారింది. తెల్ల కుర్తా. బండాయన చెంబుతో నీళ్లు పోస్తూ "ఏ ఊరండీ మీది?" అన్నాడు. అంతమంది మధ్య నేనూ పడీ పడీ నవ్వాను. నవ్వుతూ పక్కకి తిరిగాను, ఎవరికో చూపించాలన్నట్టు. పక్కన ఎవరూ లేరు. ఒక్కదాన్నై ఎనిమిదేళ్లయినా ఆ అలవాటు పోలేదు నాకు.

టైరు సంగతి తేలేలా లేదని షేర్ ఆటో ఎక్కాను. వెనక సీట్లో ముగ్గురం, డ్రైవరు పక్కన ఇద్దరు, నా కుర్తా మీద ఈగలు ఓ డజను.

తిరువూరులో మొదటి సాయంత్రం

బస్టాండు దగ్గర లాడ్జి. గుమాస్తా నా కార్డు చూసి, నా వెనకాల గుమ్మం వైపు చూసి, "ఇంకెవరైనా వస్తున్నారా మేడం?" అన్నాడు.

"రారు."

"ఒక్కరేనా?"

"ఒక్కదాన్నే బాబూ. రాసుకో."

రిజిస్టరులో వచ్చిన పని అని ఒక గడి ఉంది. మామిడి టెంకలు అని రాశాను. అతను చదివి తలెత్తాడు. "వ్యాపారమాండి?" కాదు, చదువు అన్నాను. నా తలలో నెరిసిన వెంట్రుకలు చూసి, నా రాతని అడ్డంగా కొట్టేసి, వ్యాపారం అని తనే రాసుకున్నాడు.

కుర్తా ఉతికి ఆరేసి, పక్క వీధిలో మెస్సుకి వెళ్లాను. భోజనం నూట ఇరవై. ముద్దపప్పు, నెయ్యి, కొత్తావకాయ, గోంగూర, పెరుగు. మా ఇంట్లో అన్నం చెనక్కాయల పచ్చడితో మొదలవుతుంది, ఇక్కడ పప్పూ ఆవకాయతో మొదలుపెట్టకపోతే ఏదో దోషం చేసినట్టు చూస్తారు. నేను ముందు గోంగూర కలపబోతే వడ్డించే ఆవిడ గరిటె అడ్డం పెట్టి "పప్పు కలపండి ముందు" అంది. కలిపాను. నా చుట్టూ నాలుగు బల్లల మీదా కుటుంబాలే. తండ్రులు ముద్దలు కలిపి పిల్లల నోట్లో పెడుతున్నారు, తల్లులు ఫోన్లు లాక్కుంటున్నారు. నా ఫోన్ బల్ల మీద పెట్టుకున్నాను. లోన్ కావాలా మేడం అని ఒక మెసేజీ వచ్చింది. అన్నం చాలా బాగుంది. బాగుందని చెప్పడానికి మనిషి లేక ఆ వడ్డించే ఆవిడకే రెండుసార్లు చెప్పాను. రెండోసారి ఆవిడ అనుమానంగా చూసింది.

గదికొచ్చి రేపటి పోట్లాట రిహార్సల్ వేసుకున్నాను. "మూడేళ్ల నమ్మకం మీది" అని మొదలెట్టి "కోర్టు" అనే మాట దాకా వెళ్లాను. నవ్వొస్తోంది ఇప్పుడు తలుచుకుంటే. జులై ఆఖరుకి ఇవ్వకపోతే ఏమవుతుందో మాత్రం రిహార్సల్ వేయలేదు. ఫెలోషిప్ అయిపోయి ఏడాదైంది. వదిలేసి వచ్చిన కాలేజీలో నా కుర్చీలో వేరే మనిషి కూర్చున్నాడు. నా జీవితంలో నేను పూర్తి చేశానని చెప్పుకోవడానికి మిగిలింది ఈ టెంకల పుస్తకం ఒక్కటే.

టెంకల యార్డు

ఊరు దాటి విస్సన్నపేట రోడ్డులో ఉంది యార్డు. కనపడకముందే వాసన చెబుతుంది, పులిసిన మామిడి వాసన. ఫ్యాక్టరీల్లో గుజ్జు తీసేశాక మిగిలిన టెంకలు లారీల్లో ఇక్కడికొస్తాయి. ఎండబోస్తారు, ఆడవాళ్లు చిన్న సుత్తులతో పగలగొట్టి లోపలి జీడి తీస్తారు. జీడి నూనె కంపెనీలకి పోతుంది, పై చిప్పలు బాయిలర్లకి పోతాయి. ఆ చిప్పల్లోంచి ఏటా ఒక బస్తా నాకు పోతుంది.

ఓనరు సాంబశివరావు గారు నేననుకున్నట్టు దొంగలా లేడు. కుర్చీ తుడిచి వేసి, టీ తెప్పించాడు. నేను గొంతు పెంచాను. ఆయన పెంచలేదు. అదో విసుగు.

"కాయ అదేనండి. ఫ్యాక్టరీ అదేనండి. మీరు కావాలంటే చూసుకోండి, నేనేం కలుపుతానండీ టెంకల్లో? కలపడానికి ఇంతకన్నా చవకైంది ఏముందండీ?"

నిజమే, నాకు తట్టలేదు. అయినా తగ్గలేదు. అప్పుడాయన రేకుల షెడ్డు వైపు తిరిగి కేకేశాడు. "మరియమ్మా! హైదరాబాదు మేడం గారొచ్చారు. బస్తా కట్టేది నువ్వేగా, రా ఓసారి."

అరవై దాటిన మనిషి, కంటాపరేషన్ నల్లద్దాలు పెట్టుకుని, చీర దులుపుకుంటూ వచ్చింది. వస్తూనే నా చెయ్యి పట్టుకుంది. "మీరేనా అమ్మా? మొగాయనేమో అనుకున్నా. టెంకల మీద చదివేది ఆడపిల్లా! ఎంత దూరం వచ్చారమ్మా!"

పోట్లాడ్డానికి వచ్చిన మనిషి చెయ్యి అలా పట్టుకోకూడదు. నేను కొంచెం గొంతు తగ్గించి అడిగాను, ఈ ఏడాది బస్తాకి, పాత బస్తాలకి తేడా ఏంటని.

"ఈ ఏడాదిది నేను కట్టలేదమ్మా. కంటికి ఆపరేషనై రెడ్డిగూడెంలో మా కూతురి దగ్గరున్నా ఇరవై రోజులు. సుజాత కట్టింది. కొత్త పిల్ల, ఉత్తినే గోనెలోకి ఎత్తి పోసి కుట్టేసి ఉంటది. పురుగేమన్నా పట్టిందా?"

"పురుగు పట్టలేదు. మీరెలా కట్టేవాళ్లు?"

"మొదటి ఏడు పంపిన బస్తా బూజు పట్టిందని మీరు ఫోన్‌లో అయ్యగారిని తిట్టారంట కదమ్మా. ఆయనొచ్చి నన్ను తిట్టారు. చదువుకునే బిడ్డకి పంపే వస్తువు, అట్టా పోతే ఎట్టా అని, అప్పట్నుంచీ నేనే ఏరి, ఎండబెట్టి, పొయ్యిలో తెల్ల బూడిద జల్లించి, ఒక్కో చిప్పకీ చేత్తో పట్టించి కట్టేదాన్ని. మా అమ్మ విత్తనాలకి అట్టాగే పట్టించేది. ఏడాదైనా చెక్కుచెదరవు. ఈ బాయిలర్‌కి పోయేవాటికి ఎవరు పట్టిస్తారమ్మా? మీ బస్తా ఒక్కదానికే."

ఓనరు "నాకే తెలీదే!" అన్నాడు.

నేను టీ గ్లాసు కింద పెట్టాను. బూడిద. బూడిదకి మించిన క్షారం మన ఇళ్లలో ఏముంది? అంట్లు తోమేది అందుకే కదా. మూడేళ్లు నేను కొలిచింది మామిడి టెంకని కాదు, మరియమ్మగారి పొయ్యిని. బూజు పట్టిన ఆ మొదటి బస్తా నేనే పారబోశాను. తర్వాత కొలిచిన నలభై రెండు గొట్టాలూ ఈవిడ చేతి బూడిదవే. ఈ ఏడాది ఆమ్లం చూపించిందే అసలు టెంక. ఇంకో సిగ్గుపడే సంగతి కూడా చెప్పాలి. పొడిని కాల్చి చూసినప్పుడు మిగలాల్సిన దానికన్నా ఎక్కువ బూడిద మిగిలింది. చూశాను. మన్ను అంటుకుని ఉంటుందిలే అని నోట్‌బుక్‌లో రాసి పేజీ తిప్పేశాను.

"పనికొచ్చినయ్యా అమ్మా, నేను కట్టినవి?" అంది మరియమ్మగారు. నల్లద్దాల వెనక కళ్లు కనపడలేదు గానీ మొహం మొత్తం నా వైపే ఉంది.

"పనికొచ్చాయి" అన్నాను.

ఆవిడ షెడ్డు వైపు తిరిగింది. "విన్నారా మీరంతా! నేను కట్టినవే పనికొచ్చినయ్యంట. హైదరాబాదులో!"

మధ్యాహ్నం అన్నం తినకుండా వెళ్లడానికి వీల్లేదంది. షెడ్డు నీడలో కూర్చుని ఆవిడ టిఫిన్ బాక్సు మూతలో నాకు అన్నం, మామిడికాయ పప్పు, వేయించిన ఎండు చేపలు పెట్టింది. తినేముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. నా పేరు అడిగి, ప్రార్థనలో నా పేరు కూడా కలిపింది. "మీ బస్తా కట్టేటప్పుడల్లా చేసేదాన్నమ్మా. పేరు తెలవక చదువుకునే బిడ్డ అనేదాన్ని" అంది. ఎండు చేప ముల్లు గొంతులో ఇరుక్కుందని చెప్పి నీళ్లు తాగాను.

నేను బయల్దేరేసరికి ఒక గోనె సంచీ కట్టి తెచ్చింది. అయిదు కిలోలు, కొత్త టెంకలు, కొత్త బూడిద. "సుజాత కట్టింది పారబొయ్యి తల్లీ. ఇవి తీసుకెళ్లు. ఇంక నీకు ఇబ్బంది ఉండదు."

బస్టాండు బెంచీ

విజయవాడ బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. ఇంకోటి వచ్చింది, అదీ వెళ్లిపోయింది. నేను ఒళ్లో సంచీ పెట్టుకుని కూర్చున్నాను.

ఆవిడ అన్నది అక్షరాలా నిజం. ఈ సంచీ తీసుకెళ్తే ఇబ్బంది ఉండదు. పొడి చేసి గొట్టంలో కూరితే రెండు రోజుల్లో క్షారం వస్తుంది, పాత అంకెలతో అచ్చం సరిపోతుంది. జులై ఆఖరుకి పుస్తకం ఇచ్చేస్తాను. గైడు గారికి తెలీదు. పరీక్షించేవాళ్లకి తెలీదు. చెప్పిన మరియమ్మగారికే తను ఏం చెప్పిందో తెలీదు. మోసం చేయడానికి కూడా ఎవరి సాయం అక్కర్లేదు. ఎవడో ఎక్కడో నా మాట నమ్మి ఉత్త టెంకలతో పైపులు పోసి పగలగొట్టుకునేదాకా ఎవరికీ తెలీదు.

ఇంతా చేసి కొండని తవ్వి ఎలుకని పట్టాను. ఎలుక కూడా నాది కాదు. కోపం వచ్చింది. బూడిద మీద, బూజు మీద, ఫోన్‌లో నోరు పారేసుకున్న నా మీద. ఎవరైనా పక్కనుంటే "ఏం చెయ్యమంటావు?" అని అడిగేదాన్ని. ఆ మనిషి "పోనీలే, ఇచ్చెయ్" అని ఉంటే బహుశా ఇచ్చేసేదాన్ని కూడా. అడగడానికి ఎవరూ లేరు. నా గదిలో ఉండేది నేనొక్కదాన్నే. పొద్దున లేస్తే మొహం చూసేది దాన్నే, రాత్రి అన్నం తినేది దాంతోనే. దాంతో కూడా పడకుండా చేసుకుంటే ఇంక నేను బతకలేను.

ఆటో మాట్లాడుకున్నాను. వచ్చేటప్పుడు షేర్ ఆటోలో ఇరవై, పోయేటప్పుడు ఒక్కదాన్నే కాబట్టి నూట యాభై అన్నాడు. బేరం ఆడలేదు.

మళ్లీ యార్డు

"ఏం మర్చిపోయావమ్మా?" అంది మరియమ్మగారు. 'మీరు' అని పిలవడం ఎప్పుడో పోయింది.

చెప్పాను. షెడ్డులో టెంకల మీదే కూర్చుని చెప్పాను. గొట్టం సంగతి నాగరత్నం గారు చెప్పినట్టే చెప్పాను, ఎవర్ని కూర్చోబెట్టి భోజనం పెట్టింది, ఎవర్ని పంపేసింది. టెంక చేసిందనుకున్న మర్యాదంతా బూడిద చేసిందని చెప్పాను. పొద్దున పనికొచ్చాయని అబద్ధం చెప్పానని కూడా చెప్పాను. సుత్తుల చప్పుడు ఆగిపోయింది. ఓనరు కూడా వచ్చి నిలబడ్డాడు.

మరియమ్మగారు చేతులు చూసుకుంది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఆవిడ ఆ రెండూ చెయ్యలేదు.

"మూడేళ్ల నుంచి కట్టి పంపుతున్నా కదమ్మా. ఒక్కసారన్నా ఫోన్ చేసి, ఎట్టా ఎండబెడుతున్నారని అడిగితే చెప్పేదాన్ని కదా. దాచుకునేదేముంది?"

ఆమ్లాన్ని అడిగాను, క్షారాన్ని అడిగాను, మనిషిని అడగలేదు. తిట్టడానికైతే ఫోన్ చేశాను. నాకెవరూ ఫోన్ చెయ్యరని గదిలో కూర్చుని ఏడ్చే మనిషిని నేను.

"తప్పు నాదేనమ్మా" అన్నాను.

"నాదీ ఉందిలే. చదువుకునే వస్తువు మీద చెయ్యి పెట్టేముందు నేనూ అడగాల్సింది" అని లేచింది. "మీ సారుకి చెప్పావా మరి?"

ఆవిడ ముందే ఫోన్ చేశాను. గైడు గారు మొత్తం విన్నారు.

"ఎన్ని గొట్టాలమ్మా?"

"నలభై రెండు సార్."

"అన్నీ బూడిదవేనా?"

"అన్నీ సార్."

"సరే. రెండు రకాలూ విడివిడిగా పట్టుకురా. మొదట్నుంచి చేద్దాం. గడువు అడుగుతాను, ఇస్తారని మాత్రం నేను చెప్పలేను." చివర్లో ఒక్క మాటన్నారు. "నేను కూడా ఆ బూడిద అంకె చూశానమ్మా. చూసి ఊరుకున్నాను."

సుజాత అనే ఆ కొత్త పిల్ల నా కళ్ల ముందే ఉత్త టెంకలు ఏరి ఇంకో సంచీ కట్టింది. కాసిన్ని పొయ్యి బూడిద కూడా విడిగా ఒక డబ్బాలో పోసిచ్చారు. సాంబశివరావు గారు తన బండి మీద బస్టాండులో దింపాడు. దార్లో, "మేడం, ఈ బూడిద పట్టిస్తే నిజంగానే ప్లాస్టిక్‌కి పట్టుకుంటదా?" అని అడిగాడు. పట్టుకోవచ్చండి, కానీ ఈసారి కొలిచి గానీ చెప్పను అన్నాను.

హైదరాబాదు

రెండు సంచులూ, ఒక డబ్బా, మామిడి మరక పోని ఒక కుర్తాతో తెల్లారేసరికి దిగాను. తిన్నగా ల్యాబుకే వెళ్లాను. ఉత్త పొడి ఒక గొట్టంలో, బూడిద పొడి ఒక గొట్టంలో కూరి మిషను పెట్టాను. పిల్లలకి జరిగింది చెప్పాను. ఒకడు "అక్కా, బూడిదలో పోసిన పన్నీరు..." అని మొదలెట్టి నా మొహం చూసి ఆపేశాడు. ఆ తర్వాత మాత్రం వాళ్లలో ఒకమ్మాయి రాత్రి కాపలా తను ఉంటానంది. నేను మొహమాటపడకుండా సరే అన్నాను.

ఇది రాస్తున్నప్పటికి జులై ఆఖరు దాటిపోయింది. కమిటీ ఇంకా ఏ సంగతీ చెప్పలేదు. ఇస్తే ఇంకో ఏడాది పని, ఇవ్వకపోతే ఆరేళ్లు పోయినట్టే. రాత్రుళ్లు భయమేస్తుంది, అబద్ధం ఎందుకు. తిరిగి వచ్చిన రోజు మధ్యాహ్నం జరిగింది చెప్పి ముగిస్తాను.

మిషను దగ్గర ఉన్నాను. సాంబశివరావు గారి నెంబరు నుంచి ఫోన్. ఎత్తితే మరియమ్మగారు.

"చేరావా తల్లీ?"

"చేరానమ్మా."

"అన్నం తిన్నావా?"

తినలేదు. తిన్నానని చెప్పబోయి, తినలేదని చెప్పాను. తిట్టింది. ముందు పోయి తినమంది. తర్వాత అంది, "వచ్చే కాయల కాలానికి నువ్వే రా. నా పక్కన కూర్చో. ఎట్టా ఎండబెట్టమంటే అట్టా ఎండబెడతా. బూడిద ముట్టను."

"గడువు ఇస్తారో లేదో తెలీదమ్మా."

"ఇయ్యకపోతే రావా ఏంటి?" అంది.